ముగ్గు పోయకముందు



ధర్పల్లి చుట్టుపక్కల ఊళ్లలో పసుపు అమ్మి చేతికి పైసలు రాగానే ఇల్లు కట్టే మాట లేస్తుంది. అయ్యగారు ముహూర్తం చూస్తారు. మేస్త్రి వచ్చి జాగ కొలుస్తాడు. ముగ్గు పోస్తారు, జేసీబీ వస్తుంది, గుంతలు పడతాయి. ఇక అక్కడి నుంచి పని ఆగదు. మరి ఇంటి ప్లాన్ ఎప్పుడు తయారైంది? చాలా ఇళ్లకు ఒక్క పూటలోనే. నిజామాబాద్‌లో ఉన్న బావమరిది ఇంటి ప్లాన్ ఫొటో ఫోన్‌లో వస్తుంది. వంటిల్లు అటు, మెట్లు ఇటు జరుపుతారు. అంతే, ప్లాన్ అయిపోయింది.

మనవళ్ల కాలం దాకా నిలబడాల్సిన ఇంటికి దక్కేది ఆ ఒక్క పూట. ఈ ప్రసంగం ఆ పూట గురించే. ఆ పూటను కొన్ని వారాలుగా సాగదీస్తే ఏమేం కలిసివస్తాయన్న దాని గురించి.

ఆర్కిటెక్టులు ఈ దశకు పెట్టుకున్న పేరు కాన్సెప్ట్ డిజైన్. గోడ ఎంత మందం, కిటికీ ఎంత వెడల్పు అన్న లెక్కలు ఇందులో ఉండవు. అవి తర్వాత వస్తాయి. కట్టడం ఎవరి కోసం? అందులో ఏమేం పనులు జరుగుతాయి? జాగ ఎలాంటిది? డబ్బు ఎంత, అది ఎప్పుడెప్పుడు చేతికొస్తుంది? ఈ నాలుగూ ఇక్కడ తేలాలి. ముందు ప్రశ్నలు, తర్వాత గీతలు. ఈ మాట ఈ ప్రసంగంలో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

దీనికి తెలంగాణలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీ. గులాబీ రంగు గ్రానైటు గోడలు, ఎత్తయిన కమాను, విశాలమైన మెట్లు. ఇందూరు, అంటే నిజామాబాద్ జిల్లా నుంచి పోయి అక్కడ చదువుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. భవనం అందరికీ తెలుసు. పునాదిరాయి పడకముందు జరిగిన కథ మాత్రం అంతగా వినబడదు.

ఉస్మానియా 1918లో మొదలైంది. అప్పటికి దానికి సొంత గూడు లేదు. నగరంలో అద్దె బంగళాల్లోనే పాఠాలు నడిచేవి. సొంత ప్రాంగణం కావాలి. సరే, ఎక్కడ? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నిజాం ప్రభుత్వం ప్యాట్రిక్ గెడెస్‌ను పిలిపించింది. గెడెస్ స్కాట్లాండ్ మనిషి. చదివింది జీవశాస్త్రం, పేరు తెచ్చుకున్నది పట్టణాల ప్రణాళికలో. ముందు సర్వే, తర్వాతే ప్లాన్ అన్నది ఆయన పద్ధతి. ఏ ఊరికి పోయినా ఆ ఊరి వీధులన్నీ తిరిగి, మనుషులు ఎలా బతుకుతున్నారో చూసి, ఆ తర్వాతే పెన్సిల్ పట్టేవాడు. 1923 నాటికి ఆయన నివేదిక తయారైంది. అప్పట్లో నగరం అంచున ఉన్న అడిక్‌మెట్‌లో ప్రాంగణం వెలిసింది.

జాగ తేలింది. ఇక భవనం ఎలా ఉండాలి? దానికీ తొందరపడలేదు. నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని ప్రపంచ యాత్రకు పంపారు. వాళ్ల పని ఒక్కటే. యూరప్‌లో, అమెరికాలో, మరికొన్ని దేశాల్లో విశ్వవిద్యాలయాలు ఎలా కట్టారో కళ్లారా చూసి రావడం. ఆ వెతుకులాటలోనే బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ ఈ పనిలోకి వచ్చాడు. కైరో పక్కన హీలియోపొలిస్ అనే కొత్త నగరంలో 1910లో తెరుచుకున్న పెద్ద హోటల్ ఆయన గీసిందే. తర్వాతి కాలంలో అది ఈజిప్టు అధ్యక్ష భవనమైంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఎడారి దేశంలో కట్టిన మనిషి కదా, అక్కడి నమూనానే తెచ్చి హైదరాబాద్‌లో నిలబెట్టవచ్చు. కానీ ఉస్మానియా వెనక ఉన్న ఆలోచన వేరు. ఉన్నత విద్యను ఇంగ్లీషులో కాకుండా ఉర్దూలో, అంటే ఈ దేశపు భాషలో చెప్పాలని పుట్టిన విశ్వవిద్యాలయం అది. దాని భవనం కూడా ఈ నేల పోలికలతోనే ఉండాలి కదా. అందుకే ఆర్ట్స్ కాలేజీ స్తంభాల్లో అజంతా, ఎల్లోరా గుహల పోలిక కనబడుతుంది. కమానుల్లో ఇస్లామీ వాస్తు కనబడుతుంది. రెండూ ఒకే కట్టడంలో కలిసి ఉన్నాయి. భవనం ఎవరి కోసం, ఎందుకోసం అన్న ప్రశ్నకు దొరికిన జవాబే రాయిలో కనిపిస్తోందన్నమాట.

పునాదిరాయి 1934 జులై 5న పడింది. భవనం 1939 డిసెంబర్ 4న ప్రారంభమైంది. కట్టడానికి అయిదేళ్లు. విశ్వవిద్యాలయం మొదలైన రోజు నుంచి పునాదిరాయి దాకా పదహారేళ్లు. ఆ పదహారేళ్లూ డిజైన్ మీదే గడిచాయని కాదు. అయినా వరస చూడండి. ముందు జాగ చూశారు. తర్వాత ఇతరులు కట్టినవి చూశారు. మన అవసరం ఏమిటో తేల్చుకున్నారు. అప్పుడు గీశారు. ముందు ప్రశ్నలు, తర్వాత గీతలు.

ఇల్లు కట్టుకోబోయే ధర్పల్లి రైతు ప్రపంచ యాత్ర చేయక్కర్లేదు. అదే వరస మాత్రం ఇక్కడా పనికొస్తుంది.

ఒక కుటుంబాన్ని అనుకుందాం. నాలుగెకరాల పొలం, పసుపు, వరి, మక్క. ఇంట్లో ముసలి తల్లి, భార్యాభర్తలు, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు దుబాయిలో. చిన్నవాడు నిజామాబాద్‌లో డిగ్రీ. మీ వాడలోనూ ఇలాంటి కుటుంబం ఒకటి ఉండే ఉంటుంది.

మొదటి ప్రశ్న, ఎవరి కోసం? ముసలమ్మకు మోకాళ్లు నొస్తాయి. ఆమె అర్ర కిందనే ఉండాలి, స్నానాల గది దానికి ఆనుకొని ఉండాలి, నడుమ గడప ఎత్తు ఉండకూడదు. రేపు పెద్దకొడుకు తిరిగొచ్చి పెళ్లి చేసుకుంటాడు. పైన వేరే కాపురం పెడతాడా, అందరూ ఒకే వంటింట్లో తింటారా? ఈ ఒక్క ప్రశ్న మీద మెట్ల జాగ ఆధారపడి ఉంది. మెట్లు హాల్లోంచి పోతే పై అంతస్తు ఎప్పటికీ కింది ఇంటితో ముడిపడే ఉంటుంది. బయటి నుంచి పోతే పైన వేరు కాపురం ఉండొచ్చు, కిరాయికీ ఇవ్వొచ్చు. ఇల్లు కట్టాక మెట్లు జరపడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడైతే ఒక రబ్బరు ముక్క చాలు.

రెండో ప్రశ్న, ఏం పనులు? పట్నం ఇంట్లో లేని పని ఒకటి ఈ ఇంట్లో ఉంది. అది పసుపు. తవ్విన పసుపును ఉడకబెట్టాలి. పది, పదిహేను రోజులు ఎండలో ఆరబెట్టాలి. పాలిష్ పట్టించాలి. కాడి, అంటే కొమ్ములు వేరు, గోళ, అంటే దుంపలు వేరు చేసి సంచులకు ఎత్తాలి. మార్కెట్ యార్డులో ధర నచ్చకపోతే ఆ సంచులు ఇంటికే వస్తాయి. వాటికి తడి తగలకూడదు. బావమరిది ప్లాన్‌లో కారుకు జాగ ఉంది, సోఫాకు జాగ ఉంది. పసుపు సంచులకు జాగ లేదు. ఆ ప్లాన్‌తో కట్టిన ఇంట్లో సంచులు ఎక్కడికి చేరతాయో మీకు తెలిసిందే. హాల్లో, సోఫా వెనక్కు. స్నానాల గది గోడకు ఆనించి పెడితే చెమ్మ పడుతుంది కూడా. అదే ముందే అనుకుంటే సరుకు అర్ర ఒకటి వస్తుంది. నీళ్ల గోడకు దూరంగా, నేల కాస్త ఎత్తుగా, ట్రాక్టర్ ట్రాలీ వెనక్కు వచ్చి ఆగేంత దగ్గరగా.

మూడో ప్రశ్న, జాగ సంగతి. జాగ అంటే కొలతలు ఒక్కటే అనుకుంటారు. ఎండ, వాన, మట్టి కూడా జాగే. ధర్పల్లి ఉన్న అక్షాంశంలో మే నెల నడుమ మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. స్లాబు నేరుగా కాలుతుంది. సాయంత్రానికి పడమటి గోడ కాలుతుంది. ఆ గోడ వేడంతా రాత్రి లోపలికి దిగుతుంది. పడక అర్ర పడమటి గోడకే ఆనుకొని ఉంటే ఏప్రిల్, మే నెలల్లో అందులో నిద్ర పట్టదు, కూలర్ ఉన్నా సరే. అదే పడమటి పక్కన మెట్లో, సరుకు అర్రో, స్నానాల గదో వస్తే అవి ఎండను మోస్తాయి, మనుషులు చల్లగా పడుకుంటారు. దీనికి అదనంగా ఒక్క పైసా ఖర్చు లేదు. గదులు అవే, సిమెంటు అంతే. మారింది వాటి వరస ఒక్కటే. వాస్తు చూసుకునే ఇల్లయితే అయ్యగారినీ ఇంజినీర్‌నూ ఒకే రోజు, ఒకే చోట కూర్చోబెట్టడం మంచిది. ఒకరు గీశాక మరొకరు చెరపడం ఉండదు.

ఇక మట్టి. నిజామాబాద్ జిల్లాలో ఎర్ర చెల్క ఉంది, నల్లరేగడి ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బాస్తుంది. దాని మీద మామూలు పునాది వేస్తే గోడలు కూడా నెర్రెలు బాస్తాయి. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్స్ అనే పునాది పద్ధతిని అభివృద్ధి చేసింది. లోతుకు పోయి, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు దిమ్మెలు అవి. అందరికీ అవే కావాలని కాదు. ఏ మట్టి ఉందో తెలుసుకున్నాకే ఏ పునాది కావాలో తెలుస్తుంది. వాన సంగతి చూస్తే, వాడలో నీళ్లు ఎటు పారతాయో ఒక వానకాలం చూసినవాళ్లకు తెలుసు. సీసీ రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ కొంత ఎత్తు పెరుగుతుంది. ఇవాళ రోడ్డుకు సమంగా పెట్టిన ఇంటి నేల రేపు రోడ్డుకు కిందైపోతుంది.

నాలుగో ప్రశ్న, డబ్బు. ఎంత ఉంది అన్నది సగం ప్రశ్నే. ఎప్పుడెప్పుడు వస్తుంది అన్నది మిగతా సగం. ఈ ఏడాది కింది ఇల్లు, అయిదేళ్లకు పైన అనుకుంటే పునాదీ పిల్లర్లూ ఇవాళే రెండంతస్తుల లెక్కతో పడాలి. స్లాబు మీద వదిలేసిన పిల్లర్ల చువ్వలను మీరు ఎన్నో ఇళ్ల మీద చూసి ఉంటారు. కప్పకుండా వదిలేస్తే వానకు తుప్పు పడతాయి. పైన కడతామో లేదో తేలని ఇళ్ల ఆనవాళ్లు అవి.

ఎవరి కోసం, ఏం పనులు, ఎలాంటి జాగ, ఎంత డబ్బు. మరోసారి వినండి. ఎవరి కోసం, ఏం పనులు, ఎలాంటి జాగ, ఎంత డబ్బు. దర్జీ కొలతలు తీసుకోకుండా గుడ్డకు కత్తెర పెట్టడు. ఈ నాలుగూ ఇంటి కొలతలు.

ఈ జవాబులు చేతికొచ్చాక ఆర్కిటెక్టు ఏం చేస్తాడు? వెంటనే గోడలు గీయడు. కాగితం మీద గుండ్రాలు గీస్తాడు. ఇది వంట, ఇది పడక, ఇది సరుకు అర్ర. దగ్గర దగ్గరగా ఉండాల్సినవాటిని గీతతో కలుపుతాడు. దూరంగా ఉండాల్సినవాటిని దూరం జరుపుతాడు. ఒకే నమూనాతో ఆగడు. రెండో మూడో గీసి ముందు పెడతాడు, ఒక్కోదాని లాభనష్టాలు చెబుతాడు. ఊళ్లో మేస్త్రితోనే కట్టించుకునేవాళ్లు కూడా ఈ పని చేసుకోవచ్చు. జాగలో మేకులు కొట్టి, తాడు కట్టి, గదుల హద్దులు పరిచి చూడొచ్చు. అనుకున్న పడక అర్రలో నిజంగానే ఒక మంచం వేసి చూడండి. బీరువా పట్టే చోటు మిగిలిందా, తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా అన్నది అప్పుడే తేలిపోతుంది.

ప్రశ్నలు తేలకముందే పని మొదలుపెడితే ఏమవుతుంది? దీనికి లోకం మొత్తానికీ తెలిసిన కథ ఒకటుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఒపేరా హౌస్. సముద్రం ఒడ్డున తెల్లని తెరచాపల్లాంటి పైకప్పులు. పోటీ పెట్టి, 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జన్ గీసిన బొమ్మను ఎంచుకున్నారు. బొమ్మ అద్భుతం. ఆ వంపుల కప్పును ఎలా కట్టాలో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా రాజకీయ తొందరలో 1959లో పని మొదలుపెట్టేశారు. కింద అరుగు లేస్తోంది, పైన కప్పు ఎలా ఉంటుందో ఇంకా తేలలేదు. చివరికి ఉట్జన్ దారి కనుక్కున్నాడు. కప్పు ముక్కలన్నిటినీ ఒకే గోళం నుంచి కోసినట్టు గీశాడు. కానీ అప్పటికే వేసిన స్తంభాలు ఆ కొత్త కప్పు బరువును మోయలేవని తేలింది. వాటిని పగలగొట్టి మళ్లీ కట్టారు. గొడవలు ముదిరి 1966లో ఉట్జన్ పని వదిలి వెళ్లిపోయాడు. 70 లక్షల డాలర్లు అనుకున్న ఖర్చు 10 కోట్ల 20 లక్షల డాలర్లకు చేరింది. భవనం 1973లో తెరుచుకుంది. ఇవాళ అది ఆస్ట్రేలియాకే గుర్తు. అందులో అనుమానం లేదు. ఆ స్తంభాలను రెండుసార్లు కట్టడం మాత్రం తప్పించుకోగలిగిన ఖర్చు.

ఇప్పుడు మన ఇందూరుకే తిరిగొద్దాం. నిజామాబాద్‌లో కంఠేశ్వర్ మీదుగా పోయేవాళ్లకు నీలకంఠేశ్వర ఆలయం తెలుసు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ దగ్గర 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త సచివాలయం గుమ్మటాలకు ప్రేరణగా చెప్పినవాటిలో ఈ గుడి ఒకటి. వనపర్తి సంస్థానం ప్యాలెస్, గుజరాత్‌లోని సాలంగ్‌పూర్ హనుమాన్ మందిరం మిగతావి. గీసింది చెన్నైకి చెందిన ఆస్కార్, పొన్ని కాన్సెసావో దంపతులు. 2019 జూన్ 27న భూమిపూజ జరిగింది. డిజైన్‌కు మంత్రివర్గం ఆమోదం 2020 ఆగస్టులో వచ్చింది. ఒక గుడి పోలిక 265 అడుగుల ప్రభుత్వ భవనం దాకా పోయిందంటే, ఈ దశలో ఆలోచనలు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో చూడండి. ఎవరైనా ఎక్కడో చూసినదాన్నే తెచ్చుకుంటారు. తెచ్చుకున్నది మన జాగకు, మన పనికి సరిపోతుందా అని తూచుకోవడమే అసలు పని.

అలా తూచుకోవడం ఎందుకో ఇంకో కట్టడం చెబుతుంది. నిజామాబాద్ కలెక్టరేట్ కొత్త భవనం. 2022 సెప్టెంబర్ 5న ప్రారంభమైంది. తెలంగాణలో చాలా జిల్లాల్లో ఇదే తీరు సమీకృత కార్యాలయాలు కనబడతాయి. ఒకే నమూనాను పలుచోట్ల కట్టడం వల్ల సమయం కలిసొస్తుంది, ఏ శాఖ ఎక్కడుందో జనానికీ తేలిగ్గా తెలుస్తుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో జరిగే పని ఏ జిల్లాలోనైనా ఇంచుమించు ఒకటే కాబట్టి ఆ పద్ధతి నడుస్తుంది. ఇళ్ల సంగతి వేరు. తూర్పు వాకిలి జాగకు గీసిన ప్లాన్‌ను పడమటి వాకిలి జాగకు తిప్పి పెడితే, నీడలో ఉండాల్సిన అర్ర ఎండలోకి వస్తుంది. ఉద్యోగి ఇంటికి గీసింది పసుపు రైతు ఇంటికి ఒదగదు.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. సరే అనేది ఎవరు? అమరావతి కథ ఇక్కడ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధానిలో శాసనసభ, హైకోర్టుల కోసం పోటీ పెట్టి, 2016లో జపాన్ ఆర్కిటెక్టు ఫుమిహికో మాకి సంస్థ డిజైన్‌ను ఎంచుకున్నారు. బొమ్మలు బయటికి రాగానే, ఇవి పవర్ ప్లాంటు పొగగొట్టాల్లా ఉన్నాయని విమర్శలు వచ్చాయి. ఆ డిజైన్ పక్కకు పోయింది. లండన్‌కు చెందిన నార్మన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది. 2017లో సినిమా దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి సలహా కూడా అడిగారు. ఆ ఏడాది చివరికి శాసనసభకు పైకి సన్నబడే ఎత్తయిన శిఖరం ఉన్న నమూనా ఖాయమైంది. తర్వాత ప్రభుత్వాలు మారాయి, పనులు ఆగాయి, 2025 మేలో మళ్లీ మొదలయ్యాయి. ఆర్కిటెక్టులు అందరూ పేరున్నవాళ్లే. ఆ భవనం ఎవరి చరిత్రను, ఎవరి అభిరుచిని చూపాలన్న మాట మాత్రం మొదట్లో తేలలేదు. బొమ్మ చూశాక తేల్చుకోబోయారు. అందుకే బొమ్మలు మారుతూ పోయాయి.

ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. ప్లాన్ దగ్గర తండ్రి, పెద్దమామ, మేస్త్రి కూర్చుంటారు. వంటింట్లో రోజంతా నిలబడే మనిషికి ఆ కాగితం ఎవరూ చూపించరు. స్లాబు పడ్డాక ఆమె వచ్చి, ఇంత చిన్న వంటింట్లో గ్యాసు పొయ్యి ఎక్కడ, గిన్నెలు తోమేది ఎక్కడ అని అడుగుతుంది. అప్పుడు గోడ పగలగొడతారు, లేదా వెనక రేకుల షెడ్డు దించుతారు. ఆమెను ముగ్గు పోయకముందే అడిగి ఉంటే ఆ గోడ కాగితం మీదే జరిగేది. ముసలమ్మను అడగాలి. దుబాయిలో ఉన్న కొడుకును ఫోన్‌లో అడగాలి. ముందు ప్రశ్నలు, తర్వాత గీతలు.

ఈ ఏడాది ఇల్లు తలపెట్టినవాళ్లు ఉంటే ఒక పని చేసి చూడండి. ఒక ఆదివారం మీ జాగలోకి పోయి మూడుసార్లు నిలబడండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి. ఎండ ఎటు నుంచి వస్తోంది, గాలి ఎటు నుంచి తగులుతోంది, పక్కింటి నీడ ఎక్కడ దాకా పడుతోంది, ఒక కాగితం మీద రాసుకోండి. అదే కాగితం వెనక ఇంట్లో ఉండబోయే ప్రతి ఒక్కరి పేరు, ఒక్కొక్కరికి తప్పనిసరిగా కావలసిన ఒక్కో వస్తువు రాయండి. కింద మీ దగ్గర ఉన్న డబ్బు, రాబోయే డబ్బు, అది వచ్చే నెల రాయండి. బావమరిది ప్లాన్ ఫొటోతో పాటు ఈ కాగితాన్ని కూడా ఇంజినీర్ చేతికివ్వండి. రెండు మూడు రకాలుగా గీసి చూపించమని అడగండి. గీసినవాటిని జాగలో తాడు కట్టి చూసుకున్న తర్వాతే గ్రామ పంచాయతీలో అనుమతికి పెట్టండి.